జోలె: అర్థం, ఆ మాట పుట్టుక (తరచుగా అడిగే ప్రశ్నలు)

జోలె, జోలి, జోల, ఝోలా, డోలీ. వినడానికి దగ్గర దగ్గరగా ఉండే ఈ మాటల్ని ఒకదానితో ఒకటి కలిపేసి అడిగేవాళ్ళు చాలామంది. అలాంటి ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను. కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబు సరిపోయింది. మాట పుట్టుక దగ్గరా వాడుక దగ్గరా మాత్రం కాస్త నిదానించక తప్పలేదు.

జోలె అంటే సరిగ్గా ఏమిటి?

భుజానికి తగిలించుకుంటే తుంటి పక్కన వేలాడే గుడ్డసంచి. గుండీ, జిప్పు, మూత లాంటివేమీ ఉండవు. నోరు ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. వేసుకున్నవాడు ఎడం చేత్తో ఆ నోటిని కాస్త విడదీసి పడితే, గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలు చేటలోంచో దోసిట్లోంచో బియ్యం ఒక్కసారిగా పోసేయగలగాలి. దాని ఆకారమంతా ఆ పనికి తగ్గట్టే ఉంటుంది.

పాతకాలపు జోలెకు కుట్టు కూడా అక్కర్లేదు. చదరపు గుడ్డ నాలుగు కొసల్నీ జంటలుగా ముడేసి, ఆ ముళ్ళలోంచి చెయ్యి దూర్చి భుజం మీదికి ఎక్కించుకుంటే జోలె అయిపోతుంది. ఇంటికెళ్ళి ముళ్ళు విప్పి దులిపితే మళ్ళీ కండువా. పట్టీతో కుట్టిన జోలె ఆ తర్వాతి సౌకర్యం.

సంచికీ జోలెకీ తేడా ఉందా? రెండూ ఒకటేగా?

గుడ్డ ఒకటే, కుట్టూ ఒకటే కావచ్చు. తేడా లోపల పడేదాంట్లో ఉంది. సంచిలో మన సొంత వస్తువులు ఉంటాయి, జోలెలో ఎదుటివాళ్ళు పెట్టినవి ఉంటాయి. కూరగాయలకు వెళ్ళేవాడు సంచి తీసుకెళ్తాడు. అదే సంచి భుజాన వేసుకుని చందాకు బయల్దేరితే "జోలె పట్టాడు" అంటాం. రేషన్ షాపు దగ్గర "జోలె తెచ్చారా?" అని ఎవరైనా అడిగితే పోట్లాట ఖాయం.

నిఘంటువులు "భిక్షాపాత్రగా వాడే సంచి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. అది తప్పు కాదు కానీ సగమే. తనకోసం చాచిన జోలె, పదిమంది కోసం చాచిన జోలె రెండూ తెలుగులో ఉన్నాయి. పత్రికల్లో ఇవాళ ఎక్కువగా కనిపించేది రెండోదే.

జోలె అచ్చ తెలుగు మాటేనా?

తరతరాలుగా తెలుగువాళ్ళ నోళ్ళలో నలిగింది కాబట్టి మన మాటే. పుట్టిల్లు మాత్రం ప్రాకృతం వైపు. ప్రాకృతంలో సంచికి "ఝోలిఆ" అనే రూపం ఉంది. హిందీ ఝోలీ, ఝోలా, మరాఠీ, గుజరాతీల్లోని ఝోళీ, బెంగాలీ ఝోలా, ఝులి, నేపాలీ ఝోలా అన్నీ ఆ కుటుంబానివే.

ఈ కుటుంబం పక్కనే ఇంకో గుంపు ఉంది. హిందీలో ఝూల్‌నా అంటే ఊగడం, ఝూలా అంటే ఊయల, ఝోల్ అంటే గుడ్డ బిగువు తప్పి జారినచోట ఏర్పడే వదులు. బెంగాలీలో ఝోలా అనే క్రియకు వేలాడటం అని అర్థం. వీటన్నిటిలోనూ ఒకే బొమ్మ కనిపిస్తుంది: పైన పట్టు, కింద వదులుగా వేలాడే గుడ్డ. జోలెలో గుప్పెడు బియ్యం పడగానే అడుగు కిందికి జారి, నడుస్తుంటే ఊగుతుంది. ఆ ఊగే తీరునుంచే దానికి పేరు వచ్చిందంటే నమ్మబుద్ధి వేస్తుంది. నాకు ఇదే సబబుగా తోస్తుంది.

ఝ పోయి జ ఎలా వచ్చింది? చివర ఎ ఎక్కడిది?

మొదటిది తేలిక. ఒత్తక్షరాలు మన నోట్లో తరచూ వదులైపోతాయి. ఝండా జెండా అయినట్టే ఇదీను. పైగా జోలెలో జ పలికే తీరు గమనించండి. జొన్న, జున్ను, జోరు అన్నప్పుడు నాలుక పళ్ళ వెనక తగులుతుంది. జోలె అన్నప్పుడూ అంతే. జపం, జలం లాంటి సంస్కృత పదాల్లోని జ వేరు. అంటే ఈ మాట పుస్తకాల దారిన కాకుండా వీధుల దారిన వచ్చి, దేశి మాటల వరుసలో కూర్చుంది.

రెండోది ఇంకా బాగుంటుంది. కన్నడంలో దీన్ని "జోళిగె" అంటారు. మన జోలె పక్కన ఆ జోళిగెను పెట్టి చూస్తే ఇంకో జత గుర్తుకు రావాలి: మల్లె, మల్లిగె. సంస్కృతంలో మల్లికా. చివరి "ఇకా" కన్నడంలో "ఇగె"గా నిలిచింది. తెలుగులో మధ్య హల్లు జారిపోయి "ఎ" ఒక్కటే మిగిలింది. మల్లిగెకు మల్లె ఎలాగో జోళిగెకు జోలె అలాగ. రెండు భాషలూ ఒకే రకం రూపాన్ని తీసుకుని, ఎవరి అలవాటు ప్రకారం వాళ్ళు చెక్కుకున్నారన్నమాట.

ఒక చిన్న విశేషం. మరాఠీ, కన్నడం రెంటిలోనూ ఈ మాటలో ళ ఉంది. తెలుగులో ళ పుష్కలంగా ఉన్నా ఇక్కడ ల పలుకుతాం.

"నా జోలికి రావద్దు"లోని జోలి ఇదేనా? జోలపాట సంగతి?

రెండూ వేరు. జోలికి రావడం, జోలి పెట్టుకోవడం అన్నచోట జోలి అంటే సంబంధం, ప్రసక్తి. సంచితో దానికి ఏ లావాదేవీ లేదు. తొందరలో "జోలి పట్టి విరాళాలు" అని రాసేవాళ్ళున్నారు. అక్కడ జోలె అనే రాయాలి.

జోల అనేది "జో జో" అని బిడ్డను జో కొట్టడం నుంచి వచ్చిన మాట. అయితే పాత చీరను దూలానికి కట్టి పసిపిల్లల్ని పడుకోబెట్టే గుడ్డ ఉయ్యాలను కొన్నిచోట్ల జోలె అనడం వల్ల ఈ రెండూ కలిసిపోయాయి. జోలెలో పడుకోబెట్టి జోల పాడతారు కాబట్టి రెండూ ఒకటే అనుకోవడం సహజం. అయినా మాటల దారులు వేరు.

మరి డోలీ?

డోలీ సంస్కృత "డోలా"కు చెందినది. డోలా అంటే ఊయల. డోలోత్సవం, డోలాయమానం అక్కడివే. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో రోడ్డు లేని ఊళ్ళ నుంచి గర్భిణుల్ని కర్రకు కట్టిన గుడ్డలో ఇద్దరు మోసుకొస్తుంటే "డోలీ మోత" అని వార్తల్లో చూస్తుంటాం. గుడ్డ వేలాడటం అనే భావం జోలెలోనూ ఉంది, ధ్వని కూడా దగ్గరే. ఇంత పోలిక ఉన్నా నిఘంటుకారులు వీటిని వేర్వేరు పదాలుగానే చూపిస్తారు.

ఝోలా, జోలె ఒకటేనా? ఏది వాడాలి?

మూలం ఒకటే, మన దగ్గరికి రెండుసార్లు వచ్చింది. మొదటి రాకలో జోలె అయింది, భిక్షకు అంటుకుపోయింది. రెండో రాక ఖద్దరు కాలం తర్వాత, హిందీ ద్వారా. ఈసారి ఝోలా లేదా జోలా అయింది, చదువుకున్నవాళ్ళ భుజం ఎక్కింది. అందుకే యూనివర్సిటీ కుర్రాడి భుజాన ఉన్నదాన్ని "ఝోలా బ్యాగు" అంటాం. జోలె అంటే నొచ్చుకుంటాడు.

హిందీలో ఝోలా, ఝోలీ మధ్య ఇంకో తేడా ఉంది. ఆ తో ముగిసేది పెద్దది, ఈ తో ముగిసేది చిన్నది. డబ్బా, డబ్బీ మనకూ తెలిసిన జతే. ఝోలా బజారు సంచి. ఝోలీ చాచేది. "ఝోలీ ఫైలానా" అంటే మనం "కొంగు చాచడం" అనేదానికి దగ్గర. దర్గాల దగ్గర ఖవ్వాలీల్లో నింపమని వేడుకునేది ఈ ఝోలీనే.

పక్క రాష్ట్రాల్లో దీన్ని ఏమంటారు?

తమిళనాట "జోల్నా పై". అక్కడా అది కవుల, విలేకరుల గుర్తు. కన్నడంలో జోళిగె సన్యాసులది, జంగమయ్యలది. మామూలు భుజం సంచిని "హెగల చీల" అంటారు. మహారాష్ట్రలో వింతగా, భుజాన వేసుకునే గుడ్డసంచికి "శబనమ్" అనే పేరు ఉంది. ఝోళీ మాత్రం భిక్షదే. నేపాల్‌లో ఝోలా అంటే బడిసంచి నుంచి మార్కెట్ సంచి దాకా ఏదైనా సరే.

తెలుగు ఊళ్ళలో జోలె వేసుకుని వచ్చేవాళ్ళు ఎవరెవరు?

జంగమదేవర అందరికంటే ముందు గుర్తొస్తాడు. ఒక చేతిలో గంట, ఇంకో చేతిలో శంఖం, భుజాన జోలె. గంగిరెద్దులవాళ్ళు సన్నాయి ఊదుతూ ఎద్దు చేత తల ఊపిస్తే, బియ్యం జోలెలోకి, పాతబట్టలు ఎద్దు వీపు మీదికి. బుడబుక్కలవాడు తెల్లవారకముందే డమరుకం వాయిస్తూ వచ్చి, ఇంటి భవిష్యత్తు చెప్పి, ధాన్యమో పాత చొక్కానో పట్టుకెళ్తాడు. యాయవారం పంతులుగారు తిథి, వారం చెప్పి గుప్పెడు బియ్యం తీసుకునేవారు. వీళ్ళెవ్వరూ ఊరికే అడగరు. పాట, జోస్యం, పంచాంగం, ఎద్దు ఆట ఏదో ఒకటి ఇచ్చే తీసుకుంటారు. ఇప్పటి భాషలో వీళ్ళను బిచ్చగాళ్ళ లెక్కలో రాసేయడం అన్యాయం.

సాయంత్రానికి ఆ జోలె లోపల ఎలా ఉండేదో ఊహించండి. పెద్దరైతు ఇంటి సన్నబియ్యం, పక్కింటి ముతకబియ్యం, ఇంకో ఇంటి ఉప్పుడు బియ్యం, అడుగున నాలుగు జొన్నలు, ఎవరో వేసిన ఒక పచ్చిమిరపకాయ. అన్నీ ఒకే ఎసట్లో వేస్తే కొన్ని మెత్తబడి చిదిమిపోతాయి, కొన్ని పలుకుగానే ఉంటాయి. తీరిక ఉన్నవాళ్ళు చేటలో పోసి జల్లించి వేరు చేసుకునేవారు. లేనివాళ్ళు జావ కాచుకునేవారు, తేడా తెలియకుండా.

తిరుపతి మొక్కు కూడా ఇక్కడే చెప్పాలి. ఉన్నవాళ్ళు కూడా "ఏడుకొండలవాడా" అంటూ నాలుగిళ్ళలో భిక్షమెత్తి, వచ్చినదాన్ని కలుపుకుని కొండకు వెళ్ళే ఆచారం చాలా కుటుంబాల్లో ఉంది. బీరువాలో డబ్బు ఉండగా పొరుగింటి గడప ముందు జోలె చాచడమే ఆ మొక్కు. స్వామి ముందుకు వెళ్ళేముందు అహం కాస్త దిగాలని.

యాయవారం, ఉపాదానం, మధూకరం – మూడూ ఒకటేనా?

కాదు. యాయవారం, ఉపాదానం అంటే పచ్చి బియ్యం, పప్పు లాంటివి ఎత్తుకోవడం. మధూకరం అంటే వండిన అన్నం. మధుకరం అంటే తుమ్మెద. ఒక్కో పువ్వు దగ్గర కాస్త కాస్త తాగినట్టు ఒక్కో ఇంట్లో ఒక్కో ముద్ద తీసుకోవడం. ఏ ఇంటికీ బరువు కాకూడదని. ఒకప్పుడు పేద విద్యార్థులు పట్నాల్లో మధూకరం చేసుకుని, లేదంటే వారాలు చెప్పుకుని (వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో భోజనం కుదుర్చుకుని) చదువు పూర్తిచేసేవారు. "అడుక్కునేవాడికి అరవై ఆరు కూరలు" అన్న సామెతను వెక్కిరింపుగా వాడతాం. మధూకరం సంగతి తెలిస్తే అందులో నిజం కూడా కనపడుతుంది. ఒక ఇంటి వంకాయ, ఇంకో ఇంటి బీరకాయ, మూడో ఇంటి పప్పు. ఏ ఇంట్లోనూ ఒకేసారి అన్ని ఉండవు.

యాయవారం అనే మాట "యాయావర" నుంచి వచ్చింది. ఒకచోట నిలవకుండా తిరిగేవాడని అర్థం.

బౌద్ధ, జైన సన్యాసులకు జోలె ఉందా?

బౌద్ధ భిక్షువుకు ముఖ్యం పాత్ర. ఆ పాత్ర పెట్టుకోవడానికి సంచి, దాన్ని భుజానికి తగిలించుకునే పట్టీ ఉండొచ్చని భిక్షువుల నియమాల గ్రంథం వినయ పిటకం అనుమతిస్తుంది. పాళీలో సంచిని "థవికా" అనీ, పట్టీని "అంసబద్ధక" అనీ అంటారు. అంసం అంటే భుజమని సంస్కృతం చదివినవాళ్ళకు తెలుసు. అమరావతి, నాగార్జునకొండ విహారాల్లో ఉన్న భిక్షువులకూ ఆ నియమాలే వర్తించేవి. థాయ్‌లాండ్ భిక్షువుల భుజాన ఇప్పటికీ కనిపించే గుడ్డసంచిని "యామ్" అంటారు.

శ్వేతాంబర జైన సాధువుల దగ్గర ఈ మాట ఇంకా సజీవంగా ఉంది. కొయ్యపాత్రల్ని తెల్లటి చదరపు గుడ్డలో పెట్టి, కొసలు ముడేసి చేతికి తగిలించుకుంటారు. దాని పేరే ఝోళీ. చాతుర్మాస్యం రోజుల్లో హైదరాబాద్‌లో జైనులు ఎక్కువగా ఉండే వీధుల్లో చూడొచ్చు. వాళ్ళ భిక్షను "గోచరి" అంటారు. ఆవు ఒకేచోట మొదలంటా పీకకుండా అక్కడింత అక్కడింత మేస్తుంది కదా, అలాగన్నమాట. మనవాళ్ళు తుమ్మెదను చూశారు, వాళ్ళు ఆవును చూశారు.

శివుణ్ణి ఆదిభిక్షువు అంటారు కదా, ఆయనకూ జోలె ఉందా?

భిక్షాటన మూర్తి చేతిలో ఉండేది కపాలం. జోలె కాదు.

షిరిడీ సాయిబాబా జోలె ప్రత్యేకత ఏమిటి?

బాబా రోజూ కొన్ని ఇళ్ళకు భిక్షకు వెళ్ళేవారు. ఐదిళ్ళని భక్తులు చెప్పుకుంటారు. భుజాన గుడ్డ ఝోళీ, చేతిలో రేకు డబ్బా. రొట్టెలు, అన్నం జోలెలోకి, పులుసు, మజ్జిగ లాంటివి డబ్బాలోకి. తాను ఉండే మసీదు ద్వారకామాయికి తిరిగొచ్చి అన్నీ ఒక మట్టి పాత్రలో కుమ్మరించేవారు. కుక్కలు, పిల్లులు, కాకులు అందులోంచి తినేవి. మసీదు ఊడ్చే ఆమె కొన్ని రొట్టెలు తీసుకెళ్ళేది. ఎవర్నీ అదిలించేవారు కాదట. తీపీ పులుపూ కారం కలిసిపోయిన ఆ తిండినే ఆయనా తినేవారు. తెలుగువాళ్ళు షిరిడీకి ఎంత పెద్ద సంఖ్యలో వెళ్తారో తెలిసిందే కాబట్టి, జోలె అనగానే ఇవాళ చాలామందికి మొదట ఆయనే గుర్తొస్తారు. 1918లో సమాధి అయ్యేదాకా ఆ భిక్ష అలవాటు పూర్తిగా మానలేదంటారు.

"జోలె పట్టడం" అంటే అవమానమా, గౌరవమా?

ఎవరి కోసం పట్టారన్నదాన్ని బట్టి. ఒక పెద్దమనిషి అప్పుల పాలైతే "చివరికి జోలె పట్టాడు" అంటారు, జాలో దెప్పో అందులో ఉంటుంది. వరద బాధితుల కోసం అదే మనిషి బజారులో తిరిగితే "జోలె పట్టి లక్షలు పోగుచేశారు" అని హెడ్డింగ్ పెడతారు. "చిప్ప పట్టడం" మాత్రం ఎప్పటికీ అవమానమే. చిప్పకు ఆ రెండో అర్థం రాలేదు.

1977 నవంబర్ 19న తుఫాను దివిసీమను ముంచెత్తినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ తోటి నటులతో కలిసి ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. "జోలె పట్టారు" అన్న మాటకు తెలుగు పాఠకుల మనసులో ఒక నిండైన బొమ్మ ఏర్పడటంలో ఆ యాత్ర పాత్ర చాలా ఉంది. వెండితెర మీద రాజులుగా, దేవుళ్ళుగా చూసినవాళ్ళు వీధిలో చెయ్యి చాచడం జనం మర్చిపోలేదు. అంతకు ముందు కూడా ఈ పద్ధతి ఉంది. 1921లో విజయవాడలో జరిగిన కాంగ్రెస్ సమావేశం తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని తీర్మానించింది. కాశీ హిందూ విశ్వవిద్యాలయం కోసం మదన్ మోహన్ మాలవీయ సంస్థానాధీశుల నుంచి సామాన్యుల దాకా అందరి గుమ్మాలూ ఎక్కారు. 1916లో శంకుస్థాపన జరిగిన ఆ విద్యాలయానికి తర్వాతి కాలంలో మన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతిగా పనిచేశారు.

ఇప్పుడు ఫోటో కోసం పట్టే జోలెలు కూడా వచ్చాయి. ఇస్త్రీ నలగని కాషాయ గుడ్డ, పక్కన నలుగురు కెమెరామెన్, లోపల అంతకుముందే వేసి ఉంచిన నోట్లు. వాటికి కొత్త మాట ఏదైనా పుడితే బాగుండు.

ఝోలావాలా, ఝోలా ఛాప్ అంటే?

ఝోలావాలా అంటే లాల్చీ, గడ్డం, భుజాన గుడ్డసంచితో తిరిగే ఉద్యమకారుడు, మేధావి. ఢిల్లీ పత్రికల్లో పుట్టిన వ్యంగ్యం ఇది. మన కార్టూన్లలో కవి బొమ్మ వేయాలన్నా ఇవే మూడు గీతలు. ఝోలా ఛాప్ అనేది ఉత్తరాదిలో పట్టా లేని వైద్యుడికి పేరు. సంచిలో మందులేసుకుని ఊళ్ళు తిరుగుతాడని. రాజకీయాల్లోకి వస్తే, 2016 డిసెంబరులో మొరాదాబాద్ సభలో ప్రధాని మోదీ తాను ఫకీరునని, ఝోలా తీసుకుని వెళ్ళిపోతానని అన్నప్పుడు దేశమంతా ఆ మాట మారుమోగింది. అక్కడ ఝోలా అంటే ఆస్తి లేనితనం.

భుజం సంచికి తెలుగులో వేరే పాత మాటలున్నాయా?

అసిమి అనే మాట ఉంది. మధ్యలో నోరుండి రెండు వైపులా వేలాడే సంచి. భుజం మీదో ఎద్దు మీదో వేసుకునేది. కన్నడంలో హసిబె. ఇప్పుడు బైకు వెనక వేసుకునే జంట సంచుల్ని చూస్తే నాకు ఈ మాటే గుర్తొస్తుంది, ఎవరైనా మళ్ళీ వాడుకలోకి తెస్తే సంతోషం. తిత్తి తోలుసంచి. కొలిమి తిత్తి ఇంకా బతికుంది. చిక్కం అల్లికది. గోనె ధాన్యానిది, ఇంగ్లీషువాళ్ళ "గన్నీ" ఆ కుటుంబం నుంచి వెళ్ళిందే.

సంచి అన్న మాట కన్నడంలో ప్రధానంగా ఆకువక్కల సంచికి వాడతారు. 17వ శతాబ్దంలో మైసూరు చిక్కదేవరాజ ఒడెయరు ఆస్థానంలో రాణికి తాంబూలపు సంచి పట్టిన ఆమె కవయిత్రిగా పేరు తెచ్చుకుంది. ఆమెను ఇప్పటికీ "సంచి హొన్నమ్మ" అనే పిలుస్తారు. ఆ పనికి తెలుగులో అడపం అనే మాట ఉంది, చేసేది అడపకత్తె.

ఇంట్లో జోలె ఎలా కుట్టుకోవాలి?

మంచి జోలెకు పట్టీ వేరు, సంచి వేరు అని ఉండదు. ఒకే పొడవాటి పట్టీ అడుగుగా, రెండు పక్కలుగా, భుజం మీది వారుగా తిరుగుతుంది. బరువంతా గుడ్డ పోగుల మీద పడుతుంది, ఒక్క కుట్టు మీద కాదు. షాపుల్లో చవకగా దొరికేవాటికి వారును విడిగా పైన అతికిస్తారు, మూడు పుస్తకాలు పెడితే అక్కడే ఊడుతుంది.

14 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు ఉండే జోలె కావాలనుకుందాం. ముందుకు ఒకటి, వెనక్కు ఒకటి, 15 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల ఎత్తుతో రెండు ముక్కలు కత్తిరించండి. పక్కలా అడుగునా అర అంగుళం కుట్టుకు, పైన అంగుళంన్నర మడతకు పోతుంది. పట్టీకి 5 అంగుళాల వెడల్పు, 85 అంగుళాల పొడవు. ఇందులో అడుగుకు 14, రెండు పక్కలకు 15 చొప్పున 30, మిగతా 40 భుజానికి, ఒక అంగుళం రెండు కొసలు కలిపే కుట్టుకు. కొసల్ని కలిపి పెద్ద వలయంలా చేసి, ఆ అతుకు సరిగ్గా అడుగు మధ్యకు వచ్చేలా పెట్టి, ముందు ముక్కను, తర్వాత వెనక ముక్కను కుట్టాలి. నోటి దగ్గర, పట్టీ సంచిని విడిచి పైకి వెళ్ళే చోట, రెండుసార్లు అడ్డకుట్టు వేయండి. చిరిగితే ముందుగా చిరిగేది అక్కడే.

మనిషి పొడుగును బట్టి ఆ 40ని 44 దాకా పెంచుకోవచ్చు. అడ్డంగా, ఎడమ భుజం నుంచి కుడి తుంటికి వేసుకునేవాళ్ళకు ఇంకా ఎక్కువ కావాలి.

ఏ గుడ్డ మంచిది?

ముతక చేనేత. 10 నంబరు, 20 నంబరు నూలుతో నేసిన దుప్పటి గుడ్డ చక్కగా సరిపోతుంది. కొయ్యలగూడెం ఇక్కత్ దుప్పట్లతో కుట్టినవి చూడ్డానికీ బాగుంటాయి. వరంగల్ జంఖానా గుడ్డ గట్టిది కానీ ఇంటి మిషన్ సూది విరుగుతుంది. దర్జీ దగ్గరికే తీసుకెళ్ళాలి. పొందూరు ఖాదీ వద్దు. అంత సన్నని నూలు భుజాన వేసుకునే కండువాకు అందం, బియ్యం మోయడానికి కాదు. అద్దాలు, గవ్వలు కుట్టిన లంబాడీ పనితనం కావాలంటే హైదరాబాద్ శిల్పారామంలో వెతకండి. ఆ సంచుల్ని మాత్రం వాషింగ్ మెషీన్‌లో వేయకండి.

2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం, అదే ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్లకు తక్కువ మందం ఉన్న క్యారీ బ్యాగుల మీద నిషేధం వచ్చాక గుడ్డసంచులకు మళ్ళీ గిరాకీ కనపడుతోంది. కాకపోతే పెళ్ళిళ్ళలో పంచే పల్చటి సంచుల్లో చాలావరకు గుడ్డలా కనిపించే ప్లాస్టిక్కే. మూలలో ఒక పోగు లాగి చూడండి. నూలు పోగు వస్తే గుడ్డ, ఏ పోగూ రాకుండా సాగి చిరిగితే ప్లాస్టిక్.

సంక్రాంతికి బడిలో పిల్లాడికి హరిదాసు వేషం వేస్తున్నాం. జోలె ఏ రంగుది కట్టాలి?

ఏ రంగుదీ వద్దు. హరిదాసుకు జోలె ఉండదు. ధనుర్మాసమంతా ఆయన తల మీద గుమ్మడికాయ ఆకారంలో ఉండే రాగి లేదా ఇత్తడి అక్షయపాత్ర ఉంటుంది. బియ్యం అందులోనే పోస్తారు. అందుకోసం ఆయన వంగి కూర్చుంటాడు. చేతుల్లో తంబురా, చిడతలు, మెడలో పూలదండ, కాళ్ళకు గజ్జెలు. పిల్లాడికి నిజం పాత్ర బరువవుతుంది కాబట్టి తేలికపాటి ప్లాస్టిక్ బిందెకు బంగారు రంగు కాగితం అంటించి, కింద చుట్టకుదురు పెట్టి, గడ్డం కింద నాడాతో కట్టేయండి. జోలె కట్టి తీరాలని ముచ్చటగా ఉంటే జంగమదేవర వేషం వేయించండి. నుదుట విభూతి, చేతిలో పూజగదిలోని గంట, శంఖం, భుజాన కాషాయ గుడ్డ జోలె. అందులో నాలుగు గుప్పెళ్ళ బియ్యం పోసి పంపండి. ఖాళీ జోలె గాలికి వెనక్కి పోతుంటుంది.